ఏ ఇబ్బందీ లేని నాకు డిఫెకోగ్రఫీలో రెక్టోసీల్, ఇంటస్ససెప్షన్ అని రాశారు. ఆపరేషన్ చేయించుకోవాలా?

ఉప్పాడచీర
నాకు 34 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. పొద్దున కాఫీ తాగగానే మోషన్ అయిపోతుంది. ముక్కాల్సిన పని లేదు, రక్తం పడదు, మళ్లీ వెళ్లాలనిపించదు. హైదరాబాద్‌లో రేడియాలజీ పీజీ చేస్తున్న నా స్నేహితురాలు వాళ్ల స్టడీకి ఏ జబ్బూ లేనివాళ్లు కావాలంది. సరేనని వెళ్లాను. ఎంఆర్ఐ టేబుల్ మీద పడుకోబెట్టి, కింద నుంచి జెల్ ఎక్కించి, బిగపట్టమని, ముక్కమని, చివరికి బయటికి వదిలేయమని చెబుతూ ఫొటోలు తీశారు. దాన్ని ఎంఆర్ డిఫెకోగ్రఫీ అంటారట.

రిపోర్టులో ఉన్నవి: ముందువైపు రెక్టోసీల్ 2.2 సెం.మీ., పురీషనాళం లోపల తక్కువ గ్రేడ్ ఇంటస్ససెప్షన్, వదిలాక కూడా కొంత జెల్ మిగిలింది. ఇంట్లో చూపించగానే మా ఆడపడుచు వాళ్లాయన తనకు తెలిసిన సర్జన్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆ సర్జన్ నాకేం ఇబ్బంది ఉందో ఒక్కమాట అడగలేదు. రిపోర్టు చదివి, "స్టేప్లర్ ఆపరేషన్ చేసేద్దాం, ఇప్పుడే చేస్తే మంచిది" అన్నారు.

అప్పటి నుంచి బాత్రూమ్‌కి వెళ్లిన ప్రతిసారీ పూర్తిగా అయిందా, లోపల ఇరుక్కుందా అని టెన్షన్. ఇంతకుముందు ఈ ఆలోచనే లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

కోనసీమకొబ్బరి
ఇబ్బందే లేనప్పుడు ఆపరేషన్ దేనికమ్మా? కోసిన తర్వాత ఏం బాగుపడిందని చెప్తారు?

పెద్దబావ
అలా తేలిగ్గా తీసెయ్యకండి. పెద్ద మెషీన్‌లో కనపడిందంటే ఏదో ఉన్నట్టే కదా. ముందు జాగ్రత్త మంచిది. ఇప్పుడు చిన్నగా ఉంది, రేపు పెద్దదైతే?

ఫిల్మ్_లైట్‌బాక్స్
నేను రేడియాలజిస్టుని, రోజూ ఈ రిపోర్టులే రాస్తాను. పెద్దబావ గారి ప్రశ్నకి కూడా ఇందులోనే జవాబు ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

రెక్టోసీల్ అంటే పురీషనాళానికి, యోనికి మధ్య ఉన్న గోడ ముక్కినప్పుడు ముందుకి ఉబ్బడం. ఇంటస్ససెప్షన్ అంటే లోపలి గోడ మడతపడి కిందికి జారడం. పేర్లు భయపెడతాయి. కానీ ఏ ఇబ్బందీ లేనివాళ్లని కూర్చోబెట్టి ఇదే పరీక్ష చేస్తే ఏం కనిపిస్తుంది? 1989లో కెనడా వైద్యులు గట్ అనే వైద్య పత్రికలో ఒక పేపర్ వేశారు. ఆరోగ్యంగా ఉన్న 47 మంది వాలంటీర్లకి, ఎక్స్‌రేలో కనిపించే బేరియం పేస్టుతో డిఫెకోగ్రఫీ చేశారు. 21 మంది స్త్రీలలో 17 మందికి రెక్టోసీల్ కనిపించింది. లోపలి పొర జారడం, మడతపడడం ఇంచుమించు సగం మందిలో ఉంది. వాళ్లలో ఎవరూ రోగులు కారు.

అంటే ఉప్పాడచీర గారి రిపోర్టులో ఉన్నది అప్పటి ఆరోగ్యవంతుల్లో చాలామందికి ఉన్నదే. 2 సెం.మీ. లోపు రెక్టోసీల్‌ని మామూలుగా మేం పట్టించుకోం. 2 దాటినవి కూడా లక్షణాలు లేని ఆడవాళ్లలో దొరుకుతూనే ఉంటాయి. నేను ఎదురుగా ఉన్న మనిషిని మూడు అడుగుతాను. ముక్కి ముక్కి అలసిపోతున్నారా? మోషన్ రావడానికి యోనిలో వేలు పెట్టి నొక్కాల్సి వస్తోందా? అయిపోయాక కూడా లోపల ఉండిపోయినట్టు ఉంటోందా? మూడింటికీ లేదంటే ఆ 2.2 సెం.మీ. ఒక కొలత మాత్రమే.

ఉప్పాడచీర
మూడూ లేవండీ. ఈ రిపోర్టు చదివాకే మూడోది ఉందేమో అనిపిస్తోంది.

ఫిల్మ్_లైట్‌బాక్స్
రిపోర్టు చదివిన తర్వాత మొదలైన అనుమానాన్ని లక్షణం కింద లెక్కపెట్టను. పరీక్షకి వెళ్లే ముందు రోజు ఎలా ఉన్నారో అది నాకు ముఖ్యం.

మిగిలిన జెల్ గురించి కూడా చెప్పాలి. ఎంఆర్ఐలో మనిషి వెల్లకిలా పడుకుంటాడు. ఎదురుగా అద్దం అవతల కొత్తవాళ్లు ఉంటారు, ఒంటి కింద డైపరు ఉంటుంది. ఆ స్థితిలో జెల్ మొత్తం ఒక్కసారే వదలగలిగేవాళ్లు తక్కువ. అందుకే రెండు మూడుసార్లు ప్రయత్నం చేయించాలి. ఒక్కసారి ముక్కించి, రాలేదని 'అసంపూర్ణ విసర్జన' అని రాయడం తొందరపాటు. మీకు ఎన్నిసార్లు చేయించారు?

ఉప్పాడచీర
ఒకేసారి. సిగ్గుతో సరిగ్గా ముక్కలేకపోయాను కూడా. పక్క గదిలో ఎవరో నవ్వినట్టు వినిపించింది, ఇక నావల్ల కాలేదు.

కడపకారం
అక్కా, మా ఇంట్లో ఎవరైనా తలుపు కొడితేనే నాకు ఆగిపోతుంది. మెషీన్‌లో పడుకుని అంటే అసలు ఊహించలేను.

లెక్కల_మాస్టారు
వైద్యం నాకు తెలియదు, లెక్క ఒకటి చెప్తాను. ఏ కొలతకైనా 'నార్మల్' హద్దు ఎలా పెడతారు? సాధారణంగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది పడే పరిధి అది. అంటే నూటికి ఐదుగురు ఆరోగ్యంగా ఉండి కూడా హద్దు బయట ఉంటారు. ఇలాంటి రిపోర్టులో కోణాలు, పొడవులు, జారడం, మిగలడం అంటూ పది కొలతలు ఉన్నాయనుకోండి, ఒకదానికొకటి సంబంధం లేదనుకోండి. ఆరోగ్యవంతుడికి పదీ నార్మల్‌గా వచ్చే అవకాశం 60 శాతం. అంటే పది మందిలో నలుగురికి ఏదో ఒక చోట 'తేడా' తప్పదు. నిజానికి ఈ కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి అంకె అటూఇటూ మారుతుంది. విషయం మాత్రం అదే.

పెద్దబావ
మాస్టారూ, లెక్క అర్థమైంది. కానీ ఆ నలుగురిలో నిజంగా జబ్బున్నవాడు ఒకడు ఉండొచ్చు కదా?

లెక్కల_మాస్టారు
ఉండొచ్చు. వాణ్ని పట్టుకోవాలంటే ఇంకో కొలత చాలదు బావగారూ, వాడి బాధేంటో అడగాలి. లైట్‌బాక్స్ గారు పైన అడిగిన మూడు ప్రశ్నలు అందుకే.

వరంగల్_వదిన
అందరూ ఒకే వైపు లాగుతున్నారు కాబట్టి రెండోవైపు నేను చెప్తాను. మా అత్తమ్మకి ఏళ్ల తరబడి వేలితో నొక్కితే తప్ప మోషన్ అయ్యేది కాదు. ఆ మాట కొడుకులకి చెప్పలేదు, డాక్టరుకి చెప్పలేదు, నాకు కూడా చాలా ఆలస్యంగా చెప్పింది. గ్యాస్ అని, పైల్స్ అని మందులు వాడుతూనే పోయింది. చివరికి ఒక లేడీ డాక్టరు నిమ్మళంగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పింది. అప్పుడు డిఫెకోగ్రఫీ చేస్తే పెద్ద రెక్టోసీల్, అందులో బేరియం ఇరుక్కుని ఉండిపోయింది. రిపేరు చేశారు, ఇప్పుడు హాయిగా ఉంది. ఈ పరీక్షని దండగ అనొద్దు, దండం పెడతా. దాని పేరు కూడా తెలియక ఎంతమంది ఆడవాళ్లు లోపల్లోపల బాధపడుతున్నారో.

ఫిల్మ్_లైట్‌బాక్స్
వదినగారు చెప్పిన కేసు లాంటి వాళ్ల కోసమే ఈ పరీక్ష ఉంది. అక్కడ ముందు బాధ ఉంది, ఆ బాధకి సరిపోయే బొమ్మ తర్వాత దొరికింది, గోడని సరిచేస్తే బాధ పోయింది. ఉప్పాడచీర గారి విషయంలో ఆ మొదటిదే లేదు.

గ్యాస్ట్రో_రాయలసీమ
ఆలస్యంగా చూశాను. స్టేప్లర్ ఆపరేషన్ అన్న మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను.

ఆ ఆపరేషన్‌లో పురీషనాళం గోడని లోపలి నుంచి కోసి స్టేపుల్ వేస్తారు. తర్వాత కొందరికి రక్తం పోతుంది, నొప్పి ఉండిపోతుంది. ఆపుకోలేనంత తొందరగా మోషన్ వచ్చే సమస్య కొందరికి మొదలవుతుంది. అరుదుగా యోనికి, పురీషనాళానికి మధ్య రంధ్రం కూడా పడుతుంది. తీవ్రంగా బాధపడుతూ, మందులు, వ్యాయామాలు అన్నీ అయ్యాక కూడా తగ్గనివాళ్లతోనే ఈ లాభనష్టాల గురించి మాట్లాడతాం. ఏ బాధా లేని 34 ఏళ్ల మనిషి విషయంలో లాభం వైపు రాయడానికి ఏమీ లేదు. నా మాట సూటిగా: చేయించుకోవద్దు.

పెద్దబావ గారు "రేపు పెద్దదైతే" అన్నారు. ఇప్పుడు చేసే ఆపరేషన్ రేపటి రెక్టోసీల్‌ని ఆపుతుందన్న హామీ లేదు. కాన్పులు, వయసు, ఏళ్ల తరబడి ముక్కడం, ఇవీ ఆ గోడని బలహీనపరిచేవి. ముక్కకుండా ఉండటం మీ చేతిలో ఉంది. పీచు తినండి, నీళ్లు తాగండి, వచ్చినప్పుడు ఆపుకోకండి.

మేం చేసే ఇంకో పరీక్ష గురించి కూడా చెప్తాను. మానోమెట్రీలో సన్నని ట్యూబు పెట్టి, ముక్కినప్పుడు కండరం వదులవుతోందా లేదా చూస్తాం. 2016లో లండన్ బృందం ఒకటి 85 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలకి, 85 మంది మలబద్ధకం ఉన్న స్త్రీలకి ఈ పరీక్ష చేసింది. రోగుల్లో 94 శాతం మందికి తేడా గ్రాఫు వచ్చింది. ఆరోగ్యవంతుల్లో? 87 శాతం మందికి! ఆ గ్రాఫు ఒక్కటే చూసి ఎవరు రోగి, ఎవరు కాదు అని ఎలా చెప్తాం? ఒక్క పరీక్ష చాలదనే, పేగు పనితీరు సమస్యలకి నిపుణులు పెట్టిన రోమ్ 4 ప్రమాణాల్లో, మలబద్ధకం లక్షణాలు ఉన్నవాళ్లకి కూడా బెలూన్ పరీక్ష, మానోమెట్రీ లేదా ఈఎంజీ (కండరంలో విద్యుత్ సంకేతాలు చూసే పరీక్ష), డిఫెకోగ్రఫీ లాంటి ఇమేజింగ్, ఈ మూడింటిలో కనీసం రెండు తేడాగా ఉంటేనే విసర్జన సమస్య అని తేల్చమన్నారు.

నిద్రలేని_కోడర్
87 శాతమా?! అయితే తేడా లేనివాళ్లకే తేడా ఉన్నట్టు.

కోనసీమకొబ్బరి
బెలూన్ పరీక్ష ఏంటండీ, పుట్టినరోజు బెలూనా?

గ్యాస్ట్రో_రాయలసీమ
దానికన్నా చాలా చిన్నది. సాధారణంగా 50 మి.లీ. నీళ్లు నింపి లోపల పెడతాం, కుర్చీ టాయిలెట్ మీద కూర్చుని ఒంటరిగా బయటికి తోయాలి. చాలాచోట్ల ఒక నిమిషం హద్దు పెట్టుకుంటారు. ఖర్చు పెద్దగా లేదు, రేడియేషన్ లేదు, గదిలో ఎవరూ ఉండరు. పేగు పనితీరు పరీక్షల్లో నాకు బాగా నచ్చేది ఇదే.

డల్లాస్_దోసె
నాది వేరే పరీక్ష. తిన్నది పేగులో ఎంత వేగంగా కదులుతుందో చూడటానికి ఇక్కడ నాకు ఎక్స్‌రేలో కనిపించే చిన్న చిన్న రింగులున్న క్యాప్సూల్ మింగించారు, 24 రింగులు. ఐదో రోజు ఎక్స్‌రే తీసి, ఐదు కన్నా ఎక్కువ మిగిలితే పేగు నెమ్మది అన్నారు. నాకు ఏడు మిగిలాయి. కానీ ఆ వారం ఆఫీసు పని మీద విమానాలు, హోటళ్లు, బయటి తిండి. ఇంట్లో ఉంటే రోజూ వెళ్తాను. నాకు 'స్లో ట్రాన్సిట్' అనే ముద్ర పడిపోయింది. అది తీసేయించుకోవచ్చా?

గ్యాస్ట్రో_రాయలసీమ
తమ్ముడూ, ఆ పరీక్ష మీ మామూలు వారంలో చేయాలి. ప్రయాణంలో, ఆపుకున్న రోజుల్లో, తిండి మారిన రోజుల్లో చేస్తే ఆ వారం సంగతే తెలుస్తుంది. రోజూ సుఖంగా వెళ్తున్న మనిషికి ఏడు రింగులు మిగిలాయని ముద్ర వెయ్యకూడదు. ఇబ్బంది ఉంటే ఇంటి తిండి తినే వారంలో మళ్లీ చేయించుకోండి, లేకపోతే వదిలేయండి.

మన దేశంలో ఇంకో సంగతి ఉంది. మనవాళ్ల పేగుల్లో పదార్థం పాశ్చాత్యుల కన్నా వేగంగా కదులుతుంది, పీచు ఎక్కువ తింటాం కదా. ఐదో రోజు దాకా ఆగితే నెమ్మదిగా ఉన్నవాళ్లు కూడా తప్పించుకుంటారు. అందుకే లక్నో సంజయ్ గాంధీ పీజీఐ వాళ్లు వేరే పద్ధతి పెట్టుకున్నారు. 12 గంటలకోసారి 20 చొప్పున మూడు విడతలు ఇలాంటి రింగులే (మార్కర్లు) ఇచ్చి, 36, 60 గంటలకి ఎక్స్‌రే తీస్తారు. నార్మల్ అనే హద్దు ఏ ఊరివాళ్లని చూసి పెట్టారో, ఆ ఊరివాళ్లకే బాగా నప్పుతుంది.

జొన్నరొట్టె
అయితే నేను రెండ్రోజులకోసారి వెళ్తాను, అది జబ్బేనా? మా నాన్న పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నన్ను చూసి రోజూ క్లాసు పీకుతారు.

గ్యాస్ట్రో_రాయలసీమ
గట్టిగా లేకుండా, ముక్కకుండా, పూర్తిగా అయినట్టు ఉంటే జబ్బు కాదు. వారానికి మూడుసార్ల నుంచి రోజుకి మూడుసార్ల దాకా నార్మల్ అన్న మాట 1965లో బ్రిటన్‌లో చేసిన సర్వే నుంచి వచ్చింది. మన దగ్గర ఎక్కువమంది రోజూ వెళ్తారు కాబట్టి రెండ్రోజులకోసారి అంటే ఇంట్లోవాళ్లకి వింతగా ఉంటుంది. నాన్నగారిది ఆయన లెక్క, మీది మీ లెక్క.

ఫిజియో_విశాఖ
అందరూ కండరం కండరం అంటున్నారు కాబట్టి నేనూ చెప్తాను. ఉప్పాడచీర గారూ, ఎవరైనా కీగల్ వ్యాయామాలు, అంటే కింది కండరాలు బిగించి వదిలేవి, చెయ్యమన్నారా? ఇలాంటి రిపోర్టు చూసి చాలామంది యూట్యూబ్ చూసి మొదలుపెడతారు. మోషన్ సమయంలో కండరం వదలడం రానివాళ్లకి బిగించే వ్యాయామం మాత్రమే నేర్పితే ఇబ్బంది పెరగొచ్చు. వాళ్లకి బయోఫీడ్‌బ్యాక్‌తో, అంటే కండరం ఏం చేస్తోందో తెరమీద చూపిస్తూ, వదలడం నేర్పాలి. మీకు ఏ సమస్యా లేదు కాబట్టి ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు. కాన్పు తర్వాత తుమ్మితే మూత్రం పడే ఇబ్బంది ఉంటే అది వేరే విషయం, అప్పుడు రండి.

ఇంకోటి, మన పాత టాయిలెట్ మీద గొంతుక్కూర్చునే అలవాటు. ఇజ్రాయెల్‌లో 2003లో వచ్చిన ఒక స్టడీలో 28 మంది ఆరోగ్యవంతులు మూడు రకాలుగా కూర్చుని వెళ్లారు. గొంతుక్కూర్చుంటే సగటున 51 సెకన్లు పట్టింది, మామూలు వెస్టర్న్ కమోడ్ మీద 130 సెకన్లు. ముక్కాల్సింది కూడా తక్కువే. గొంతుక్కూర్చున్నప్పుడు పురీషనాళం కోణం తిన్నగా అవుతుంది. అలాంటి అలవాటున్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి 'సరిగ్గా ఖాళీ కాలేదు' అని రాస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే.

కడపకారం
మా ఇంట్లో ఆరుగురం, ఒక్కటే బాత్రూమ్. 51 సెకన్లలో ముగించేవాడికి పూలదండ వేసి ఊరేగిస్తాం.

వరంగల్_వదిన
@కడపకారం మోకాళ్లు అరిగిన మా అత్తమ్మని గొంతుక్కూర్చోమంటే ఊరేగింపు అంబులెన్సులో జరుగుతుంది. కమోడ్ ముందు చిన్న పీట వేసి దాని మీద కాళ్లు పెట్టిస్తున్నాం, బాగుంది అంటోంది.

సిరిసిల్ల_అమ్మ
మా బాబుకి ఆరేళ్లు. కడుపునొప్పి అంటే ఎక్స్‌రే తీసి 'పేగు నిండా మలం' అని రాశారు. వాడు రోజూ వెళ్తాడు, మెత్తగానే ఉంటుంది. నొప్పి కూడా రెండ్రోజుల్లో పోయింది. కానీ ఆ ముక్క చదివి మా ఇంట్లో అందరూ పేగు కడిగించాలంటున్నారు.

ఫిల్మ్_లైట్‌బాక్స్
పెద్దపేగులో మలం ఉండకపోతే ఇంకేం ఉంటుందమ్మా! తిన్నది పెద్దపేగు దాటి బయటికి రావడానికి ఒక రోజు నుంచి మూడు రోజులు పడుతుంది. కాబట్టి ఏ ఆరోగ్యవంతుడికి ఎప్పుడు ఎక్స్‌రే తీసినా మలం కనిపిస్తుంది. అది ఎక్కువా తక్కువా అన్నది చూసేవాడి కంటిని బట్టి మారుతుంది. ఒకే ఫిల్మ్‌ని ఇద్దరం చూస్తే రెండు రకాలుగా రాస్తాం. పిల్లల మలబద్ధకానికి మామూలుగా ఎక్స్‌రే వద్దని పిల్లల గ్యాస్ట్రో వైద్యుల అంతర్జాతీయ మార్గదర్శకాలు 2014లోనే చెప్పాయి. పిల్లాడు రోజూ మెత్తగా వెళ్తున్నాడంటే కడిగించాల్సిందేమీ లేదు. నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం పిల్లల డాక్టరుకి చూపించండి.

నిద్రలేని_కోడర్
నేను ఒక చోట డబ్బు కట్టి పేగు కడిగించుకున్నా. కిలోల కొద్దీ పేరుకున్న మలం వచ్చిందన్నారు. వారం తేలిగ్గా అనిపించింది.

గ్యాస్ట్రో_రాయలసీమ
ఏళ్ల తరబడి గోడలకి అంటుకుని పేరుకునే మలం అంటూ ఏదీ లేదు. రోజూ కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం) చేస్తాను, పేగు ఖాళీ చేసే మందు తాగి వచ్చినవాళ్ల పేగు గోడ గులాబీ రంగులో శుభ్రంగా మెరుస్తూ ఉంటుంది. కడిగించేటప్పుడు పేగు చిల్లుపడిన కేసులు, ఒంట్లో లవణాలు దెబ్బతిన్న కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. మళ్లీ వెళ్లకండి.

పెద్దబావ
నేను ముందు జాగ్రత్త అన్నది మంచి ఉద్దేశంతోనే. అసలు ఏ బాధా లేనివాళ్లని ఇలాంటి స్టడీల్లోకి ఎందుకు తీసుకుంటారు? తీసుకుని ఇలా భయపెట్టడం దేనికి?

ఫిల్మ్_లైట్‌బాక్స్
ఉప్పాడచీర గారి లాంటివాళ్లు ముందుకు రాకపోతే మాకు నార్మల్ ఏమిటో ఎప్పటికీ తెలియదు బావగారూ. మేం రోజూ చూసేది బాధతో వచ్చినవాళ్లనే. వాళ్లలో కనిపించిన ప్రతిదాన్నీ బాధకి కారణం అనుకుంటాం. అదే బొమ్మ బాధ లేనివాళ్లలో కూడా ఉందని తెలిసినప్పుడే అనవసర ఆపరేషన్లు ఆగుతాయి. ఆమె చేసినది చాలా పెద్ద సాయం.

తప్పు ఎక్కడంటే, రిపోర్టు పైన 'ఏ లక్షణాలూ లేని వాలంటీర్' అని పెద్దగా రాయలేదు. రోగికి రాసినట్టే రాసి చేతికిచ్చారు. నేనైతే చివర్లో 'ఈ కనిపించినవి లక్షణాలు లేనివారిలో సాధారణం' అని ఒక వాక్యం రాస్తాను. ఆ వాక్యం ఉంటే ఆమెకి ఇంత నిద్ర కరువయ్యేది కాదు.

ఉప్పాడచీర
నా స్నేహితురాలికి ఈ చర్చ చూపించాను. వాళ్ల మేడంతో మాట్లాడి రిపోర్టులో ఆ వాక్యం చేర్పిస్తానంది, మిగతా వాలంటీర్లకి కూడా. నేను ఇంకో డాక్టరుకి చూపించాను. ఆవిడ రిపోర్టు పక్కన పెట్టి చాలాసేపు ప్రశ్నలు అడిగారు, వేలితో పరీక్ష చేశారు, ముక్కమని చూశారు. కండరం చక్కగా వదులవుతోంది, ఆపరేషన్ అక్కర్లేదు, మళ్లీ స్కాన్ కూడా వద్దన్నారు. ఏ మార్పు వస్తే రావాలో చెప్పి పంపించారు. మా ఆడపడుచు వాళ్లాయనకి ఈ చర్చ చదివి వినిపిస్తున్నాను.

కోనసీమకొబ్బరి
హమ్మయ్య. కాఫీ తాగమ్మా ఇక.

నెల్లూరు_రైతు
అన్నీ చదివాను. నాకు 52. ఈమధ్యే మొదలైంది, మోషన్‌లో రక్తం పడుతోంది. ఇంతకుముందు రోజుకొకసారి, ఇప్పుడు నాలుగైదుసార్లు కొంచెం కొంచెం. బరువు కూడా తగ్గాను. నేను కూడా ఈ డిఫెకోగ్రఫీ చేయించుకోవాలా, లేక మీరన్నట్టు వదిలేయొచ్చా?

గ్యాస్ట్రో_రాయలసీమ
అన్నా, మీది వేరే సంగతి. పైన రాసినవేవీ మీకు వర్తించవు. ఈ వయసులో కొత్తగా అలవాటు మారడం, రక్తం, బరువు తగ్గడం ఉంటే కొలనోస్కోపీ చేయాలి. డిఫెకోగ్రఫీ గడ్డల కోసం చేసే పరీక్ష కాదు. పైల్స్ అని మీరే అనుకుని మందుల షాపులో కొనుక్కోకండి. ఈ వారంలోనే గ్యాస్ట్రో డాక్టరుని కలవండి. ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉంటే అది కూడా చెప్పండి. రక్తం పలచబడే మందులు, షుగరు మందులు వాడుతుంటే ఆ చీటీ తీసుకెళ్లండి.

నెల్లూరు_రైతు
మా పెదనాన్నకి ఉండేది. రేపే వెళ్తాను. ఏమీ తినకుండా వెళ్లాలా?

గ్యాస్ట్రో_రాయలసీమ
తినే వెళ్లండి. మొదటిరోజు చూసి, రక్త పరీక్షలు రాసి, పేగు ఖాళీ అవ్వడానికి తాగే మందు ఇచ్చి కొలనోస్కోపీకి తేదీ ఇస్తారు. పెదనాన్నగారికి ఏ వయసులో వచ్చిందో కనుక్కుని వెళ్లండి, అడుగుతారు.